తిరిగే సున్నా

షట్టర్ సగం దించిన.
కిందికెళ్లి వంగి లోపలికొచ్చిండు ఎల్లమంద,
రైస్‌మిల్లు బాయిలర్ కాడ రాత్రి డ్యూటీ మనిషి.
కనుబొమ్మల మీద తవుడు. చేతిల ఫోను
జ్వరమొచ్చిన పిల్లగాని లెక్క కాలుతున్నది.

"ఖాసిమన్నా, డిస్‌ప్లే మార్చు.
గోళీ ఆగే టైముకే బొమ్మ ఆగుతది."

మిర్యాలగూడల ఏ ఫోను విప్పినా ముందు ఊకనే.
చార్జింగు బొర్రల ఊక, స్పీకరు జాలీల ఊక.
పండ్లు తోమే బ్రష్షుతోని ఊడ్చిన,
గుండుసూదితోని గీకిన.
చిటికెడు కుప్పయింది. ఊదితే లేదు.
స్క్రీను మంచిగనే ఉంది, సిగ్నలు నిండుగ ఉంది.
"దీనికేం రోగం లేదు" అన్న.
"నీ కండ్లతోని సూడు" అని ఆట తెరిచిండు.

ఎర్ర పరదా ముంగట ఒక పిల్ల,
ఏ ఊరి గదిలనో, ఏ దేశపు అర్ధరాత్రిలనో.
"అందరికీ స్వాగతం" అంటది.
పెదాలు మూసుకున్నంక మాట వస్తది.
చెయ్యి లేపితే చెయ్యంతా గళ్లు గళ్లు,
తల తిప్పితే పాలు విరిగినట్టు
ముఖం విరిగి, మెల్లగ మళ్లీ అతుక్కుంటది.

అంకెల చక్రం తిప్పింది. గోళీ వదిలింది.
ఎల్లమంద ఊపిరి బిగబట్టిండు.
నేను గూడ, ఎందుకో.

ఆగింది.
గోళీ రెండు అంకెల నడుమ గాలిల.
ఆమె కండ్లు సగం మూతబడి.
తెర నట్టనడుమ సున్నా ఒక్కటే
తిరుగుతది, తిరుగుతది,
దానికి మాత్రం ఏ అడ్డమూ లేదు.

బొమ్మ తిరిగొచ్చేసరికి
గోళీ ఎక్కడనో పండుకొని ఉంది,
ఆమె ఇంకెవరికో అభినందనలు చెప్తున్నది.
నూటయాభై పోయినయి.

"సూసినవా!" అన్నడు.
పైసలు పోయినయన్న బాధ లేదు ఆ గొంతుల.
తన మాట నిజమైందని ముఖం వెలిగింది.

"సిమ్ము మార్చిననన్నా. మిల్లు ట్యాంకు మీదికెక్కి ఆడిన,
పొగగొట్టం పక్కన, మసి రాలుతుంటే.
గుమాస్తాకు చాయ తాగిపిచ్చి వైఫై అడిగిన.
గెలిచినప్పుడు ఆగదు, తేటనీళ్ల లెక్క ఉంటది.
ఓడేటప్పుడే దీనికి దగ్గొస్తది."

"గెలిచింది ఎన్నిసార్లు?"
వేళ్లు మడిచిండు.
ఒక్క చెయ్యే సాలింది, బొటనవేలు మిగిలింది.

నాకూ షాపు కిరాయి ఉంది.
పద్దెనిమిది వందల డిస్‌ప్లే డబ్బా
చెయ్యి చాపితే అందేంత దూరంల ఉంది.
దాన్ని చూసిన, వాణ్ని చూసిన,
నోట్లకెళ్లి వేరే మాట వచ్చింది:

"బాయిలర్ గేజి అద్దంల
నీళ్లు కనపడకపోతే ఏం జేస్తవు?"

"ముందు అద్దం కడుగుత," అన్నడు,
పదేండ్ల పనితనం నాలుక మీదికొచ్చి.
"అద్దం అబద్ధమాడుతున్నదా, నీళ్లే లేవా
తెల్వాలె గద."

"కడిగినంక గూడ కనపడకపోతే?"

"మంట ఆపుత."

తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలే.
బయట ధాన్యం లారీ ఒకటి వెనకకు పోతూ
పీప్ పీప్‌మని కొట్టుకున్నది.

"అయితే డిస్‌ప్లే ఎంతైతది?" అని అడిగిండు.

ఊక తీసినందుకు యాభై తీసుకున్న.
మిల్లు కూత పడ్డది, ఉరికిండు.

షాపు ఊడుస్తుంటే ఆమె కండ్లే యాదికొచ్చినయి.
అవి ఆగిపోయిన కండ్లు గావు.
రాత్రి డ్యూటీ కండ్లు. బొమ్మ ఆగిన ఆ కాసేపు
ఎవరూ చూడకుండ ఒక కునుకు తీసినట్టున్నది.

సందు మలుపు కాడ, ఆట మూయడం మరిచిన
వాని జేబులకెళ్లి ఆమె గొంతు,
ఎప్పుడో అన్న మాట, ఇప్పుడు చేరి, వినొచ్చింది:

"ఇక పందేలు లేవు."